డిగ్రీ ఫస్టియర్‌లో అకౌంట్స్, ఎకనామిక్స్, ఇన్సూరెన్స్, కంప్యూటర్: ఒక్క కొబ్బరికాయల కొట్టుతో నాలుగూ చదివే పద్ధతి

ఇంటర్ అయిపోయి బీకాంలోనో బీబీఏలోనో బీఏ ఎకనామిక్స్‌లోనో చేరిన పిల్లలు మొదటి నెలలోనే బెంబేలెత్తిపోతారండి. అకౌంట్స్ ఒక పక్క, డిమాండు సప్లై గ్రాఫులు ఒక పక్క, ఇన్సూరెన్స్ సూత్రాలు ఇంకో పక్క, మధ్యలో కంప్యూటర్ ల్యాబ్, వీటికి ఒకదానికొకటి చుట్టరికమే లేనట్టు నాలుగు నోట్సులు రాసుకుని నాలుగూ విడివిడిగా బట్టీ కొట్టడం మొదలెడతారు, అక్కడే దెబ్బతినేస్తారు. నేను కోనసీమలో కొన్నేళ్ళుగా డిగ్రీ పిల్లలకి ట్యూషన్ చెప్తున్నాను, నాకు తేలిందేంటంటే ఈ పేపర్లన్నీ ఒకే వ్యాపారం గురించి తలో రకం ప్రశ్న వేస్తాయి, అంతే. అందుకని ఒక వ్యాపారాన్ని పట్టుకుని ఏడాది పొడుగునా దాన్నే అన్ని పేపర్లలోకీ లాక్కెళ్ళండి. ఎలాగో వరసగా చెప్తాను, కాస్త పొడుగ్గానే ఉంటది, తీరిగ్గా చదవండి.

స్టెప్ 1: చేరేటప్పుడే చూసుకోవాల్సినవి

మన రాష్ట్రంలో డిగ్రీ అడ్మిషన్లు ఓఏఎండీసీ అనే ఆన్‌లైన్ పద్ధతిలో అవుతాయి, వెబ్ ఆప్షన్లు మనమే పెట్టుకోవాలి, నెట్ సెంటర్ వాడి చేతిలో ఫోన్ పెట్టేసి టీకి వెళ్ళిపోకండి. 2023-24 నుంచి సింగిల్ మేజర్ వచ్చింది, అంటే మునుపట్లా మూడు సబ్జెక్టులు సమానంగా కాదు, ఒక మేజర్, దానికి తోడు ఒక మైనర్. బీబీఏ, బీసీఏ కోర్సులు 2024-25 నుంచి సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ కిందకి వెళ్ళాయి. గోదావరి జిల్లాల కాలేజీలు చాలామటుకు రాజమహేంద్రవరంలో 2006లో పెట్టిన ఆదికవి నన్నయ యూనివర్సిటీ కింద ఉంటాయి, కాకినాడ పీఆర్ గవర్నమెంట్ కాలేజీ, భీమవరం డీఎన్నార్ లాంటి అటానమస్ కాలేజీలకి మాత్రం సిలబస్సూ ప్రశ్నాపత్రమూ వాళ్ళవే. కాబట్టి పక్కింటి అక్క నోట్స్ మంచిదే కానీ ఆ అక్క ఏ కాలేజీ, ఏ బ్యాచ్ అన్నది ముందు అడగండి.

బీకాం జనరలా, కంప్యూటర్ అప్లికేషన్సా అని అందరూ అడుగుతారు. నా మట్టుకు నాకు, ల్యాబ్‌లో కంప్యూటర్లు నిజంగా పనిచేసే కాలేజీ అయితేనే కంప్యూటర్ అప్లికేషన్స్ తీసుకోండి. చేరేముందు ఒకసారి వెళ్ళి ల్యాబ్ తలుపు తీయించి చూడండి, అందులో సిగ్గేం లేదు.

సిలబస్ పీడీఎఫ్, కిందటి మూడు నాలుగేళ్ళ ప్రశ్నాపత్రాలు మొదటి వారంలోనే ప్రింట్ తీయించుకోండి. ప్రతి యూనిట్ పక్కన ఎన్ని ప్రశ్నలు వచ్చాయో పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే ఏది ఎక్కువ చదవాలో దానంతటదే కనపడుద్ది.

స్టెప్ 2: వ్యాపారాన్ని ఎంచుకోండి

నేను అంబాజీపేట పక్కన ఒక బాబాయి కొబ్బరికాయల కొట్టు అనుకుని చెప్తున్నాను. భీమవరం, ఆకివీడు వైపోళ్ళు రొయ్యల చెరువు తీసుకోండి, కడియం వాళ్ళు నర్సరీ, రావులపాలెం వాళ్ళు అరటి గెలల కమీషన్ కొట్టు, మండపేట వాళ్ళు రైస్ మిల్లు. ఇంట్లోనో చుట్టాల్లోనో ఉన్నదైతే మంచిది, అనుమానం వస్తే అడగడానికి మనిషి ఉంటాడు.

ఒక ఆదివారం వెళ్ళి కూర్చుని ఇవి అడగండి: వెయ్యి కాయలు ఎంతకి కొంటున్నారు, ఒలుపు కూలి ఎంత, లారీ కిరాయి ఎంత, అరువు ఎన్నాళ్ళు ఇస్తారు, ఇంట్లో ఖర్చులకి గల్లాపెట్టెలోంచి ఎంత తీస్తారు. చివరి ప్రశ్నకి బాబాయి మొహం మారుద్ది, అయినా అడగండి, అకౌంట్స్‌లో సగం పాఠం దాంట్లోనే ఉంది.

స్టెప్ 3: అకౌంట్స్, పది రోజులు చేత్తోనే రాయండి

ఇక్కడ తొందర పడకండి. ఫోన్ పక్కన పెట్టి, రూళ్ళ పుస్తకం తీసుకుని చేత్తో రాయాలి. మూడు సూత్రాలు ఎలాగూ క్లాసులో చెప్తారు: వ్యక్తుల ఖాతా అయితే పుచ్చుకున్నోళ్ళకి డెబిట్, ఇచ్చినోళ్ళకి క్రెడిట్; ఆస్తుల ఖాతా అయితే వచ్చింది డెబిట్, పోయింది క్రెడిట్; ఖర్చులూ నష్టాలూ డెబిట్, ఆదాయాలూ లాభాలూ క్రెడిట్. ఇవి పాటలాగా వచ్చేస్తాయి, లెక్క దగ్గర మాత్రం చెయ్యి ఆడదు, ఎందుకంటే ఏది ఏ ఖాతానో తేల్చుకోవడం దగ్గరే తంటా.

ఇప్పుడు బాబాయి కొట్టులో ఒక నెల చూద్దాం, రేట్లు లెక్క కోసం నేను వేసుకున్నవి.

కొట్టు పెట్టడానికి 2,00,000 తెచ్చాడు. నగదు ఖాతా డెబిట్, మూలధనం ఖాతా క్రెడిట్. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, బాబాయి డబ్బు బాబాయి కొట్టులో పెడితే బాబాయికి క్రెడిట్ ఏంటి అని. కొట్టు వేరు, బాబాయి వేరు అండి, కొట్టు బాబాయికి బాకీ పడింది. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతాదంతా నడుస్తుంది.

రైతు దగ్గర 5,000 కాయలు, వెయ్యి 12,000 చొప్పున అరువుకి కొన్నాడు, మొత్తం 60,000. కొనుగోళ్ళు డెబిట్, రైతు ఖాతా క్రెడిట్. డబ్బు కదల్లేదు కాబట్టి నగదు ఊసే రాదు.

ఒలుపు కూలి 4,000 ఇచ్చాడు. కూలి ఖాతా డెబిట్, నగదు క్రెడిట్.

ఆ కాయలన్నీ రాజస్థాన్ షావుకారుకి 78,000కి అరువు మీద అమ్మాడు. షావుకారు ఖాతా డెబిట్, అమ్మకాలు క్రెడిట్.

లారీ కిరాయి 6,000 ఇచ్చాడు. అమ్మకపు రవాణా డెబిట్, నగదు క్రెడిట్. సరుకు మన కొట్టుకి తెచ్చుకునే కిరాయి అయితే వర్తకపు ఖాతాలోకి వెళ్తుంది, అమ్మి పంపే కిరాయి అయితే లాభనష్టాల ఖాతాలోకి, ఇది పరీక్షలో కావాలని పెట్టే మెలిక.

ఇంట్లో సరుకులకి 5,000 తీశాడు. ఇది ఖర్చు కాదు! సొంతవాడకం డెబిట్, నగదు క్రెడిట్.

ఇప్పుడు చిట్టా (జర్నల్)లోంచి ఆవర్జా (లెడ్జర్)కి, ఆవర్జాలోంచి అంకణా (ట్రయల్ బ్యాలెన్స్)కి తీసుకెళ్ళి చివరి లెక్కలు తేల్చండి. అమ్మకాలు 78,000, అందులోంచి కొనుగోళ్ళు 60,000, కూలి 4,000 పోతే స్థూల లాభం 14,000. కిరాయి 6,000 పోతే నికర లాభం 8,000. ఆస్తి అప్పుల పట్టీలో ఒక పక్క నగదు 1,85,000, షావుకారు బాకీ 78,000, మొత్తం 2,63,000. రెండో పక్క రైతుకి ఇవ్వాల్సింది 60,000, మూలధనం 2,00,000కి లాభం 8,000 కలిపి సొంతవాడకం 5,000 తీసేస్తే 2,03,000, మొత్తం 2,63,000. రెండు పక్కలా సరిపోయినప్పుడు వచ్చే ఆనందం ఉంది చూడండి, అది ఒక్కసారి రుచి చూస్తే అకౌంట్స్ అంటే భయం పోద్ది.

మీరే కొన్ని మెలికలు పెట్టుకోండి ఆ తర్వాత. కొన్ని కాయలు మిగిలిపోతే? ముగింపు సరుకు కొన్నధర, మార్కెట్ ధరల్లో ఏది తక్కువైతే దానికి కట్టాలి. షావుకారు ఐదువేలు ఎగ్గొడితే? కాటా కొంటే అది ఆస్తి, కాటా బాగుచేయిస్తే అది ఖర్చు. ఒకవేళ బాగుచేయించిన డబ్బుని పొరపాటున కాటా ఖాతాలోనే రాసేస్తే అంకణా మాత్రం చక్కగా సరిపోద్ది, ఎందుకంటే డెబిట్ డెబిట్ వైపే పడింది, అందుకే అంకణా సరిపోయినంత మాత్రాన పుస్తకాలు ఒప్పు అనుకోకూడదు. దీన్నే సూత్రపు దోషం అంటారు, రెండు మార్కుల ప్రశ్నగా తరచూ వస్తుంది. ఈ జంటపద్దు విధానాన్ని మొదట అచ్చులో వివరించింది 1494లో ఇటలీకి చెందిన లూకా పాచోలి అనే సన్యాసి, లెక్కల పంతులు కూడా, అంటే మన బాబాయి గల్లాపెట్టె లెక్కకి ఐదొందల ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది.

స్టెప్ 4: వ్యాపార సంస్థల పేపరు

ఇది కథల పేపరు, తొందరగా అయిపోద్ది. బాబాయి ఒక్కడే నడిపితే సొంత వ్యాపారం. తోడల్లుడు కలిస్తే భాగస్వామ్యం, 1932 చట్టం, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయించకపోతే బాకీ ఎగ్గొట్టిన షావుకారు మీద సంస్థ పేరుతో కోర్టుకి వెళ్ళడానికి లేదు. 2008 చట్టంతో పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్యం, అంటే ఎల్‌ఎల్‌పీ వచ్చింది. ప్రైవేటు కంపెనీ అయితే 2013 చట్టం, ఇద్దరు మొదలుకుని 200 మంది సభ్యుల దాకా, పబ్లిక్ కంపెనీకి కనీసం ఏడుగురు. ప్రతి దానికీ ఒకటే ప్రశ్న వేసుకోండి: అప్పులపాలైతే బాబాయి ఇల్లు కూడా పోద్దా, కొట్టు వరకే పోద్దా? పరిమిత బాధ్యత అంటే అదే, ఆ జవాబు పట్టుకుని రాస్తే పది మార్కుల వ్యాసం ఇట్టే అయిపోతుంది.

స్టెప్ 5: ఎకనామిక్స్, అదే కొట్టుని ఇంకో కళ్ళజోడుతో

అకౌంటెంట్ నికర లాభం 8,000 అన్నాడు కదా. ఎకనామిక్స్ సారు వచ్చి పుస్తకం చూసి బాబాయికి నష్టం అంటాడు. ఎలా అంటే, బాబాయి పెట్టిన రెండు లక్షలు బయట రెండు రూపాయల వడ్డీకి తిప్పితే నెలకి 4,000 వచ్చేది. కొట్టు సొంత స్థలంలో ఉంది, అద్దెకిస్తే 3,000 వచ్చేది. బాబాయి పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుంటున్నాడు, ఇంకోళ్ళ కొట్టులో గుమస్తాగా చేస్తే 12,000 ఇచ్చేవారు. ఈ 19,000 ఏ చిట్టాలోనూ రాయలేదు, ఎందుకంటే ఎవరికీ ఇవ్వలేదు, కానీ వదులుకున్నాడు. అదే అవకాశ వ్యయం. ఎనిమిది వేల లాభంలోంచి పంతొమ్మిది వేలు తీసేస్తే 11,000 ఆర్థిక నష్టం. మరి కొట్టు మూసేయాలా అంటే అది బాబాయి ఇష్టం, ఒకరి కింద పని చేయకుండా ఉండడానికి కూడా మనిషి ఒక విలువ కట్టుకుంటాడు, అది కూడా ఎకనామిక్సే.

నన్నడిగితే మొదటి సెమిస్టర్ మొత్తంలో ఈ ఒక్క పాఠం అన్నిటికన్నా విలువైంది, దీన్ని రెండు రోజులు నమలండి, మీ ఇంటి చేనుకీ చెరువుకీ కూడా వేసి చూడండి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు, వరి వేస్తే పెట్టుబడి కూడా రావడం లేదని పొలాలు బీడు పెట్టేశారు. వేస్తే పోయేది, వేయకపోతే పోయేది రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవడమే అది.

ఇక డిమాండు. రేటు మారితే కొనేది మారడం ఒకటి, రేటు అక్కడే ఉన్నా కొనేవాళ్ళు పెరగడం ఇంకొకటి. కాయ రేటు తగ్గింది కాబట్టి నాలుగు ఎక్కువ కొన్నాం, అది అదే రేఖ మీద జరగడం. కార్తీకమాసం వచ్చింది, రేటుతో పని లేకుండా గుడికెళ్ళే ప్రతివాడికీ కాయ కావాలి, అప్పుడు రేఖే కుడి పక్కకి జరుగుద్ది. వీటిని కలిపేసి రాసేవాళ్ళు సగం మంది ఉంటారు.

వ్యాకోచత్వం, అంటే రేటు మారితే అమ్మకం ఎంత మారుద్దన్న లెక్క ఒకటి చేద్దాం. చిల్లర కొట్టులో కాయ 20 ఉన్నప్పుడు రోజుకి 400 అమ్ముడయ్యాయి, 25 చేస్తే 360కి తగ్గాయి. రేటు పెరిగింది 25 శాతం, అమ్మకం తగ్గింది 10 శాతం, పదిని పాతికతో భాగిస్తే 0.4. ఒకటి కన్నా తక్కువ కాబట్టి అవ్యాకోచ డిమాండు. అందుకే రోజు రాబడి 8,000 నుంచి 9,000కి పెరిగింది, తక్కువ అమ్మినా ఎక్కువ డబ్బొచ్చింది. పులస గురించి చెప్పక్కర్లేదు కదా, వరదల రోజుల్లో సముద్రంలోంచి గోదారికి ఎదురీదుకుంటూ వచ్చేది ఆ కొన్నాళ్ళే, వలలో పడ్డవి ఎన్నో అన్నే, రేటు పెంచామని ఎక్కువ రావు, సప్లై రేఖ నిలువుగా ఉంటది. కొనేవాడి సంగతి పుస్తెలమ్మైనా పులస తినాలి అని సామెతే చెప్పేసింది.

కనీస మద్దతు ధర అంటే ప్రభుత్వం కట్టిన నేల, బయట రేటు దానికన్నా పడిపోతే ఆ ధరకి ప్రభుత్వమే కొంటానని. 2025-26కి సాధారణ రకం వడ్లకి క్వింటాల్ 2,369, ఏ గ్రేడు 2,389. మన వైపు 75 కేజీల బస్తా లెక్క కాబట్టి సాధారణ రకం బస్తాకి 1,776 చిల్లర. కల్లం దగ్గర తేమ ఎక్కువుందని మీ నాన్నకి ఎంత కట్టారో కనుక్కుని పక్కన రాయండి, సిద్ధాంతానికీ కల్లానికీ మధ్య ఎంత దూరం ఉందో తెలుస్తుంది. భీమవరం పిల్లలకైతే అంతర్జాతీయ వ్యాపారం పాఠం ఇంటి ముందే ఉంది, 2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకం మొత్తం 50 శాతం చేసినప్పుడు ఆ దెబ్బ రొయ్యల చెరువు గట్టు దాకా ఎలా వచ్చిందో ఎగుమతి, సుంకం, డిమాండు అన్న మూడు మాటల్లో గీసి చూపించొచ్చు.

జాతీయాదాయం పాఠానికి కాయ ఒక్కటి చాలు. రైతు 12కి అమ్మాడు, బాబాయి 15.60కి అమ్మాడు, ఊరవతల కొట్టువాడు 25కి అమ్మాడు. మూడూ కూడితే 52.60, అది తప్పు, ఒకే కాయని మూడుసార్లు లెక్కేసినట్టు. ఎవరు ఎంత విలువ కలిపారో చూడాలి, 12, తర్వాత 3.60, తర్వాత 9.40, మొత్తం 25. జీడీపీలోకి వెళ్ళేది ఆ పాతికే.

స్టెప్ 6: ఇన్సూరెన్స్, సూత్రాలు బట్టీ వద్దు

ముందు అసలు బీమా ఎలా నడుస్తుందో లెక్కేయండి. వెయ్యి కొట్లు ఉన్నాయి, ఏడాదికి సగటున రెండు కాలిపోతాయి, ఒక్కోదానికి ఐదు లక్షల నష్టం అనుకుందాం. మొత్తం పది లక్షలు, వెయ్యి మంది పంచుకుంటే తలా వెయ్యి రూపాయలు. దానికి కంపెనీ ఖర్చులూ లాభమూ కలిపితే ప్రీమియం. ఇంతే. కానీ ఇది ఎప్పుడు పనిచేస్తుందంటే ఒక కొట్టు కాలితే పక్క కొట్టు మామూలుగా ఉన్నప్పుడు. 1996 నవంబర్ 6 తుఫాను సంగతి ఇంట్లో పెద్దాళ్ళని అడగండి, ఒక్క రాత్రిలో కోనసీమ కొబ్బరి చెట్లు ఎన్ని నేలకొరిగాయో చెప్తారు. అలాంటప్పుడు వెయ్యి కొట్లకీ ఒకేసారి దెబ్బ, వెయ్యి రూపాయల లెక్క ఎక్కడ సరిపోద్ది? అందుకే బీమా కంపెనీలు కూడా ఇంకో పెద్ద కంపెనీ దగ్గర బీమా చేయించుకుంటాయి, అది పునర్బీమా, మన దేశంలో జీఐసీ రీ ఆ పని చేస్తుంది. ఈ నాలుగు వాక్యాలు అర్థమైతే పెద్దసంఖ్యల సూత్రం, విపత్తు నష్టం, పునర్బీమా మూడూ వచ్చేసినట్టే.

సూత్రాలన్నీ కొట్టుకే వేసి చూడండి. పక్కోడి కొట్టుకి నేను బీమా కట్టొచ్చా? కుదరదు, అది కాలితే నాకు పోయేదేం లేదు, బీమా చేయదగిన హితం లేదు. అగ్ని బీమాలో ఈ హితం పాలసీ తీసుకున్నప్పుడూ ఉండాలి నష్టం జరిగినప్పుడూ ఉండాలి, సముద్ర బీమాలో నష్టం జరిగినప్పుడు ఉంటే చాలు, జీవిత బీమాలో పాలసీ తీసుకున్నప్పుడు ఉంటే చాలు, ఈ తేడా ప్రతి ఏడూ అడుగుతారు. గొడౌన్‌లో వెనకాల టపాకాయలు కూడా పెడుతున్నామని చెప్పకుండా పాలసీ తీసుకుంటే పరమ విశ్వాస సూత్రం తప్పినట్టు. గాలివానకి రేకులు ఎగిరి, వాన లోపలికి పడి, కురిడీ (ఎండు కొబ్బరి) బూజు పట్టింది, మరి నష్టానికి కారణం బూజా గాలివానా? తెగకుండా వచ్చిన గొలుసులో అసలు కారణం గాలివాన, అది సమీప కారణ సూత్రం. లారీ వచ్చి గోడని గుద్దేసింది, కంపెనీ బాబాయికి డబ్బిచ్చేసింది, ఇక లారీ వాడి మీద వసూలు చేసుకునే హక్కు కంపెనీ చేతికి వెళ్ళుద్ది, బాబాయి రెండు చోట్లా తీసుకోడానికి లేదు.

ఇప్పుడు లెక్క. గొడౌన్‌లో సరుకు పది లక్షలది, ప్రీమియం తగ్గుద్దని బాబాయి ఆరు లక్షలకే పాలసీ తీసుకున్నాడు. నిప్పంటుకుని నాలుగు లక్షల సరుకు పోయింది. ఆరు లక్షల పాలసీ ఉంది కదా నాలుగు లక్షలూ వస్తాయనుకుంటాడు. రావండి. సరాసరి నిబంధన ఉంటే నాలుగు లక్షలని ఆరుతో గుణించి పదితో భాగిస్తారు, వచ్చేది 2,40,000. పదిలో మిగతా నాలుగు వంతులకి బాబాయి తనకి తానే బీమాదారుడు. ఈ ఒక్క లెక్క తెలియక ఎంతమంది వ్యాపారులు క్లెయిమ్ దగ్గర గొడవ పెట్టుకుంటారో.

చరిత్ర తేదీలు కాసిని తప్పవు: బీమా చట్టం 1938, ఎల్‌ఐసీ 1956 సెప్టెంబర్ 1, సాధారణ బీమా జాతీయం చేసిన చట్టం 1972, బీమా కంపెనీలని అదుపుచేసే ఐఆర్‌డీఏ చట్టం 1999. జీవిత బీమాలో సెక్షన్ 38 బదలాయింపు, 39 నామినేషన్, 45 ప్రకారం మూడేళ్ళు దాటితే పాలసీని ప్రశ్నించడానికి లేదు.

ఇక్కడో ముఖ్యమైన హెచ్చరిక. బజార్లో దొరికే గైడ్లలో పాత అంకెలు అలాగే అచ్చేస్తున్నారు. ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రీమియం 12 అని ఉంటది, 2022 జూన్ నుంచి అది ఏడాదికి 20, జీవన్ జ్యోతి 330 కాదు 436. ఫ్రీలుక్, అంటే పాలసీ నచ్చకపోతే వెనక్కిచ్చేసే గడువు, 15 రోజులని ఉంటది, ఇప్పుడు 30. వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ అని ఉంటది, 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు. ఫసల్ బీమా మాత్రం రైతు వాటా ఖరీఫ్‌కి 2 శాతం, రబీకి 1.5, వాణిజ్య, ఉద్యాన పంటలకి 5 అన్నది 2016లో పెట్టిన లెక్కే. గైడ్ ఎప్పుడు అచ్చయిందో మొదటి పేజీ తిప్పి చూశాకే కొనండి.

స్టెప్ 7: కంప్యూటర్

చేత్తో రాసిన లెక్కని ఇప్పుడు ఎక్సెల్‌లోకి ఎక్కించండి, ఎక్సెల్ లేకపోతే లిబ్రెఆఫీస్ ఉచితంగా వస్తుంది. ఐదు గళ్ళు చాలు: తేదీ, వివరం, డెబిట్ ఖాతా, క్రెడిట్ ఖాతా, మొత్తం. రెండో షీట్‌లో ఖాతాల పేర్లు రాసుకుని, సమ్‌ఇఫ్ ఫార్ములాతో ప్రతి ఖాతాకీ డెబిట్ ఎంత, క్రెడిట్ ఎంత తెప్పించండి, అదే మీ ఆవర్జా, అంకణా రెండూనూ. ఫార్ములా కిందకి లాగితే అంకెలు గల్లంతవుతున్నాయంటే రేంజి దగ్గర ఎఫ్4 నొక్కి డాలర్ గుర్తు పెట్టలేదన్నమాట. ఖాతా పేరు ఒక చోట "కూలి" అని, ఇంకో చోట చివర ఖాళీ వదిలి "కూలి " అని కొడితే కంప్యూటర్‌కి అవి రెండు వేరే ఖాతాలు, అంకణా సరిపోకపోతే ముందు చూడాల్సింది అదే.

తర్వాత గోల్ సీక్, అంటే కావాల్సిన జవాబు ముందే చెప్తే దానికి ఏ అంకె వేయాలో ఎక్సెలే వెతికిపెట్టే సదుపాయం. కాయకి అమ్మకం 15.60, కొన్నది 12, ఒలుపు 0.80, కిరాయి 1.20, మిగిలేది 1.60. ఎకనామిక్స్‌లో తేలిన ఆ 19,000 రావాలంటే నెలకి ఎన్ని కాయలు అమ్మాలి? గోల్ సీక్ పెట్టి చూడండి, 11,875 వస్తుంది. ఒక లోడు కాదు, రెండు లోడ్ల పైన తిప్పాలి. ఈ ముక్క బాబాయికి చెప్తే అప్పుడు మీ చదువు మీద ఆయనకి గురి కుదురుద్ది.

వడ్డీ కూడా వేయండి. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి, ఏడాదికి బారువడ్డీ అయితే 24,000, నెలనెలా అసల్లో కలిపేస్తే 26,824. పైథాన్ నేర్పుతుంటే మొదటి ఫర్ లూప్ దీనికే రాయండి, పన్నెండు సార్లు తిప్పి ప్రతి నెలా నిల్వ ప్రింట్ చేయించండి, నక్షత్రాల పిరమిడ్ ప్రింట్ చేయించడం కన్నా ఇది పనికొస్తుంది.

ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కి వేలు పోయక్కర్లేదు. ట్యాలీప్రైమ్ డౌన్‌లోడ్ చేసుకుంటే లైసెన్సు లేకుండా ఎడ్యుకేషనల్ మోడ్‌లో నడుస్తుంది, నెలలో 1, 2, చివరి తేదీల్లోనే ఎంట్రీలు పడతాయి, నేర్చుకోడానికి అది చాలు. కీలు వేళ్ళకి అలవాటవ్వాలి: ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 చెల్లింపు, ఎఫ్6 వసూలు, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు. వోచర్ మధ్యలో కొత్త ఖాతా కావాలంటే ఆల్ట్ సీ. బాబాయి నెల మొత్తం ఎక్కించి లాభం 8,000 వచ్చిందో లేదో చూడండి, రాకపోతే కూలినీ కిరాయినీ ఏ గ్రూపు కింద పెట్టారో చూడండి, తొంభై శాతం తప్పు అక్కడే దొరుకుద్ది. థియరీలో బిట్లు బైట్లు అడుగుతారు, ఎనిమిది బిట్లు ఒక బైటు, 1024 బైట్లు ఒక కేబీ, ఇవి బస్సులో చదివేసుకోండి, అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు కాబట్టి బస్సులో టైముకి కొదవ లేదు.

స్టెప్ 8: పరీక్షలో రాయడం

అకౌంట్స్ పేపర్లో ముందు లెక్కలు, థియరీ తర్వాత. గీతలు పెన్సిల్‌తో, వర్కింగ్ నోట్స్ లెక్క కిందే, పట్టీ సరిపోకపోతే కొట్టేయకండి, చేసిన దశలకి మార్కులు వస్తాయి. ఎకనామిక్స్‌లో గ్రాఫు గీస్తే అక్షాల మీద పేర్లు రాయాలి, ధర నిలువుగా, పరిమాణం అడ్డంగా, పేర్లు లేని గ్రాఫు గీసినా గీయనట్టే. ఇన్సూరెన్స్‌లో ప్రతి సూత్రానికీ ఒక ఉదాహరణ, మీకు కొట్టు ఉంది కదా. తెలుగు మీడియం వాళ్ళు ఇంగ్లీషు మాటలు పక్కన రాయడానికి తంటాలు పడొద్దు, తెలుగులో శుభ్రంగా రాయండి.

స్టెప్ 9: ఎండాకాలం సెలవులు

రాజమండ్రి, భీమవరం, కాకినాడ ఎక్కడైనా ఆడిటర్ ఆఫీసులు బోలెడున్నాయి. మొదటి ఏడాది అవ్వగానే ఒక నెల వెళ్ళి కూర్చుంటానని అడగండి, బిల్లులు వరస పెట్టడం, బ్యాంకు స్టేట్‌మెంటు సరిచూడడం ఇస్తారు, బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది. పద్దెనిమిదేళ్ళు నిండి ఇన్సూరెన్స్ మీద ఇష్టం ఉంటే ఏజెంట్ల పరీక్ష ఐసీ-38 పుస్తకం చదవండి, తెలుగులోనూ దొరుకుతుంది, మీ సిలబస్‌లో సగం అందులో ఉంది. కానీ పరీక్ష పాసవ్వగానే చుట్టాలందరికీ పాలసీలు అంటగట్టకండి, పెళ్ళిళ్ళలో మిమ్మల్ని చూసి పక్క వరసకి వెళ్ళిపోతారు. ఆడిటర్ గారిని మొదటి నెల జీతం అడక్కండి, బస్సు చార్జీలు మాత్రం అడగండి, చాలామంది ఇస్తారు.